జర్మన్ బడిలో లెక్కలు: మన పిల్లలు తడబడేది ఎక్కడ?

సందేహం: మా బాబు హైదరాబాద్‌లో మూడో తరగతి చదివాడు, లెక్కల్లో ముందుండేవాడు. స్టుట్‌గార్ట్ వచ్చాక జర్మన్ బడిలో వేస్తే తేలిక లెక్కలూ తప్పుతున్నాడు. ఇంట్లో తెలుగు మానేసి జర్మన్ మాట్లాడమంటారా?

జవాబు: తెలుగు మానకండి. ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. తప్పిన లెక్కనే అంకెల్లో రాసి చేయించండి, తర్వాత తెలుగులో చెప్పి చేయించండి. రెండూ సరిగ్గా వస్తే లెక్క వచ్చినట్టే, అడిగిన భాషే అందలేదు. చాలామంది విషయంలో తేలేది ఇదే.

మొదటి చిక్కు అంకెలు వినడంలో. 24ని జర్మన్‌లో ‘నాలుగూ ఇరవై’ అన్న వరసలో పలుకుతారు. వినగానే 4 రాసి పక్కన 2 పెడితే 42 అయిపోతుంది. 347లో వందలు, తర్వాత ఒకట్లు, చివర పదులు వినిపిస్తాయి. మాట పూర్తయ్యేదాకా పెన్సిల్ కాగితానికి ఆనించకూడదు. 21 నుంచి 99 లోపు సంఖ్యలు రోజుకు పది చొప్పున రాయించండి. మీ ఉచ్చారణ మీద నమ్మకం లేకపోతే ఫోన్‌తో చదివించండి.

గుర్తులూ వేరే. గుణకారానికి మధ్యలో చుక్క, భాగహారానికి రెండు చుక్కలు: 24 : 6 = 4. దశాంశానికి కామా, వేలకు చుక్క. కాబట్టి 3,5 అంటే మూడున్నర, 1.250 అంటే పన్నెండు వందల యాభై. పెద్ద తరగతుల్లో ఇంకొకటి: జర్మన్ ‘బిలియోన్’ అంటే లక్ష కోట్లు. మనం ఇంగ్లీషులో బిలియన్ అనే వంద కోట్లను ఇక్కడ ‘మిలియార్డె’ అంటారు.

అసలు దెబ్బ తగిలేది మాటల లెక్కల్లో, అదీ చిన్న చిన్న మాటల దగ్గర. ధర ‘ఉమ్ 5’ పెరిగితే ఐదు పెరిగినట్టు, ‘ఔఫ్ 5’ పెరిగితే ఐదుకు పెరిగినట్టు. తెలుగులో ఒక్క ‘కు’ చేసే పనే ఇది, వాడికి అలాగే చెప్పండి. ‘నాలుగు బుట్టల్లో యె 6 ఆపిల్స్’ అంటే ఆరేసి ఆపిల్స్, మొత్తం 24. ఆ ‘యె’ని దాటేసిన పిల్లవాడు 6 అనో, నాలుగూ ఆరూ కూడి 10 అనో రాస్తాడు. కొన్ని క్రియలు రెండుగా విడిపోయి, రెండో ముక్క వాక్యం చివరికి పోతుంది. ఉదాహరణకు ‘నిమ్ట్’ అన్న క్రియకు చివర ‘ట్సూ’ వస్తే పెరిగినట్టు, ‘అప్’ వస్తే తగ్గినట్టు. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం తెలుగు పిల్లలకు కొత్త కాదు. చివరి మాటకు గీత గీసి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టమనండి.

పరీక్షలో ‘నెన్నె’ అంటే పేరు చెప్పు, ‘బెష్రైబె’ అంటే వర్ణించు, ‘బెగ్రుండె’ అంటే కారణం చెప్పు. మూడోదానికి జవాబు ఒక్కటే రాస్తే మార్కులు పోతాయి. ‘వైల్’ (ఎందుకంటే) పెట్టి ఒక పూర్తి వాక్యం రాయడం ముందే అలవాటు చేయించాలి.

ఇంట్లో పద్ధతి ఇలా పెట్టుకోండి. పాఠం మొదలయ్యే ముందే టీచర్‌ని ముఖ్యమైన మాటలు అడిగి తీసుకోండి, ఎనిమిది చాలు. విషయం ముందు తెలుగులో బొమ్మ గీసి వివరించండి. అర్థమయ్యాకే జర్మన్ మాట ఇవ్వండి, అదీ ముందుండి లింగాన్ని తెలిపే డేర్, డీ, దాస్‌తో కలిపి: డేర్ క్రైస్ (వృత్తం), దాస్ డ్రైయెక్ (త్రిభుజం). ఒక్కో మాటతో ఒక వాక్యం పైకి చెప్పించండి. తరగతిలో నోరు విప్పి పాల్గొనడాన్ని కూడా ఇక్కడ గ్రేడులో లెక్కేస్తారు, వినడంతో సరిపెడితే నష్టం.

పెద్ద పిల్లలుంటే సైన్సులో పాత తెలుగు పదాలు బాగా అక్కరకొస్తాయి. ఆక్సిజన్‌ని జర్మన్‌లో ‘జావర్‌ష్టోఫ్’ అంటారు, అంటే పుల్లని పదార్థం. మన ఆమ్లజనిలోనూ ఉన్నది ఆ పులుపే. ‘వాసర్‌ష్టోఫ్’లో వాసర్ అంటే నీరు, అది మన ఉదజని (హైడ్రోజన్).

మీ ఊళ్లో నాలుగో తరగతి తర్వాత పిల్లలు వేర్వేరు రకాల బడులకు వెళ్తారు కాబట్టి ఆలస్యం చేయకండి. ఇక్కడ 1 అన్నిటికన్నా మంచి గ్రేడు, 6 అన్నిటికన్నా తక్కువ. హైదరాబాద్ మార్కుల పత్రానికి జర్మన్ అనువాదం చేయించి, అంకెల్లో ఇచ్చినప్పుడు వాడు చేసిన లెక్కల నోటుబుక్కుతో సహా క్లాస్ టీచర్‌కి చూపించండి. అదనపు జర్మన్ తరగతి ఉందా, పరీక్షలో నిఘంటువు గానీ అదనపు సమయం గానీ ఇస్తారా అని అప్పుడే అడగండి.