ఎంబీబీఎస్‌లో కథల పుస్తకాలు అటకెక్కించాలా?

మీ చెల్లికి విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో సీటొచ్చిందనీ, వార్డు పోస్టింగులు మొదలైతే కథలూ నవలలూ మానెయ్యాల్సిందేనా అని బెంగపడుతోందనీ రాశారు. అక్కడే చదివాను కాబట్టి చెబుతున్నా, మానక్కర్లేదు. కాకపోతే చదివే తీరు మారుతుంది.

ఫస్టియర్ చాలావరకు శవాల్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లోనే గడిచిపోతుంది. ఆస్పత్రి రుచి తెలిసేది సెకండియర్ నుంచి. పొద్దున్న కాలేజీకి అనుబంధంగా ఉన్న కింగ్ జార్జ్ ఆస్పత్రిలో (కేజీహెచ్) పోస్టింగు, మధ్యాహ్నం క్లాసులు. పాడేరు, అరకు ఏజెన్సీ నుంచీ, శ్రీకాకుళం ఉద్దానం నుంచీ, ఒడిశా నుంచీ కూడా జనం వస్తారు. వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ ఎనీమియా గురించి లెక్చర్ వినకముందే ఆ పేషెంటు మంచం మీద కనిపిస్తాడు.

కేసు చూడడమంటే ఒక్కో మంచం చుట్టూ పదిమందిమి మూగడమే. ఓసారి వరసగా అందరం పొట్ట నొక్కి స్ప్లీన్ (ప్లీహం) వెతుకుతుంటే, చాన్నాళ్లుగా వార్డులో ఉన్న పెద్దాయన మా అవస్థ చూడలేక, "ఇంకాస్త కిందనించి రా బాబూ. నేను ఊపిరి పీలుస్తాను, అప్పుడు నీ వేళ్లకి తగుల్తాది" అన్నాడు. నిజంగానే తగిలింది. పీజీ చదువుతున్న డాక్టరన్నకి నవ్వాగలేదు.

రౌండ్స్ అయ్యి హడావుడి తగ్గాక, సాయంత్రం మళ్లీ ఓసారి వార్డుకెళ్లి మంచం పక్కన కూర్చోమనండి. పొద్దున్న "జ్వరం నాలుగు రోజుల్నించి" అని తేల్చేసినవాళ్లే, అప్పుడు "సంక్రాంతికి ముందు కూడా ఓసారొచ్చి తగ్గిందమ్మా" అంటూ మొదలెడతారు. హిస్టరీ, అంటే జబ్బు పూర్వాపరాలు, దొరికేది అక్కడే. కథలు చదివే అలవాటున్నవాళ్లకి ఇలా వినే ఓపిక కాస్త ఎక్కువుంటుందని నా నమ్మకం. రుజువేమీ లేదు లెండి.

ఇక చదవడం సంగతి. టైము ఎలాగోలా దొరుకుతుంది, బుర్రే అలిసిపోయి ఉంటుంది. అందుకని లావుపాటి నవలలు సెలవులకి దాచుకుని, మామూలు రోజుల్లో పడుకోబోయే ముందు ఒక కథ చదివేదాన్ని. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వైపు ఓసారి వెళ్లి రమ్మనండి, సాహిత్య సభలు కూడా జరుగుతుంటాయి. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు వైద్యుడిగా ఏళ్లతరబడి పనిచేసిన డాక్టర్ కేశవరెడ్డి నవలలు మెడికోలు చదివి తీరాలంటాను. జబ్బు కన్నా ముందు మనిషి కనిపిస్తాడు వాటిలో.

చదువు చివర్లో ఇంటర్న్‌షిప్ చేసే హౌస్ సర్జన్ అయ్యాక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) పోస్టింగులో మధ్యాహ్నాలు కాస్త తెరిపిగా ఉంటాయి, అప్పుడు హాయిగా చదువుకోవచ్చు. లేబర్ రూమ్ డ్యూటీలప్పుడు మాత్రం పుస్తకం మాటెత్తొద్దు, కునుకు దొరికితే అదే గొప్ప.

అన్నట్టు, చేరిన వారానికే పీజీ ఎంట్రన్స్ యాప్ కొనమని సీనియర్లు వెంటపడతారు. సెకండియర్ దాటేదాకా దాని జోలికి పోవద్దనండి.