పచ్చళ్లు, పొడుల ప్యాకెట్లకు ఇప్పుడు నడుస్తున్న డిజైన్లలో ఏది పనికొస్తుంది?

ఇంటి నుంచి నడుపుతున్న పచ్చళ్లు, పొడుల వ్యాపారానికి కొత్త లేబుళ్లు వేయించాలనుకుంటున్నానని, ఆన్‌లైన్‌లో తరచూ కనిపిస్తున్న లేత రంగుల సాదా డిజైన్ తీసుకోవాలా, లేక కలంకారీ అంచులతో సంప్రదాయంగా వెళ్లాలా అని మీరు అడిగారు. విజయవాడలో చిన్న ఆహార సంస్థలకు లేబుళ్లు, పౌచ్‌లు రూపొందించడం చాలా ఏళ్లుగా నా వృత్తి కనుక, ఆ అనుభవం మేరకు చెబుతున్నాను. ఆ రెండింటిలో ఏది అందంగా ఉందన్నది తర్వాత చూడవచ్చు. మీ సరుకు కొనేవారి కంట మొదట ఎక్కడ పడుతుందో ముందుగా తేల్చుకోండి.

లేత గోధుమ రంగు నేపథ్యం, సన్నని అక్షరాలు, చుట్టూ బోలెడంత ఖాళీ ఉండే ధోరణి ఫోన్ తెరకు చక్కగా అమరుతుంది. తెల్లని నేపథ్యంలో ఒంటరిగా కనిపించే సీసాకు ఆ ఖాళీ ఒక హుందాతనాన్ని ఇస్తుంది. అదే సీసా కిరాణా కొట్లో ట్యూబ్‌లైటు కింద, ఎరుపు, పసుపు ప్యాకెట్ల నడుమ నిలబడితే అసలు ఆనవాలే చిక్కదు. నా వద్దకు వచ్చిన ఒకరు కారంపొడికి క్రాఫ్ట్ కాగితం (గోధుమ రంగు ముతక కాగితం) రంగు పౌచ్ పట్టుబట్టి చేయించుకున్నారు. ఆన్‌లైన్‌లో బాగానే అమ్ముడైంది కానీ, కారం ఎంత ఎర్రగా ఉందో పైకి తెలియడం లేదని కొట్టువాళ్లు దాన్ని వెనక వరుసకు నెట్టేశారు. తరువాత పౌచ్ పై సగాన్ని గాఢమైన మిరప ఎరుపులోకి మార్చి, పేరును పెద్దది చేశాం. మిగిలినదంతా అలాగే ఉంచాం.

సాదాతనం మోజులో గుర్తును పోగొట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో ట్రోపికానా అనే పండ్లరసాల సంస్థ ఉదంతం ఉంది. 2009 ఆరంభంలో ఆ సంస్థ, స్ట్రా గుచ్చిన నారింజ పండు బొమ్మను తీసేసి, గ్లాసులో రసం ఉన్న సాదా డబ్బాను తెచ్చింది. జనం తమ పాత డబ్బాను అరలో పోల్చుకోలేకపోయారు; రెండు నెలలైనా గడవకముందే అమ్మకాలు సుమారు 20 శాతం పడిపోవడంతో పాత బొమ్మనే తిరిగి పెట్టవలసి వచ్చింది. ఇటీవలి గాలి కూడా పాత గుర్తుల వైపే మళ్లుతోంది: 2021లో బర్గర్ కింగ్, 2023లో పెప్సీ తమ పాత రోజులను తలపించే గుర్తులకు వెళ్లాయి. మన దేశంలో 2013లో వచ్చిన పేపర్ బోట్ పానీయాల పౌచ్‌లను గమనించండి. వాటిలో హంగు తక్కువే అయినా రంగు నిండుగా ఉంటుంది, ఏ రుచి ఏదో దూరం నుంచే తెలుస్తుంది. అనుకరించదలచుకుంటే అలాంటి సాదాతనాన్ని అనుకరించండి.

ఇక సంప్రదాయం విషయానికి వస్తే, కలంకారీ అంచు, ముగ్గు, రోట్లో దంచుతున్న బామ్మ ఇప్పుడు ఎంత మంది వాడుతున్నారంటే, వాటితో మీ సీసాకు ప్రత్యేకత రావడం కష్టం. పైగా ఆ బామ్మను కృత్రిమ మేధతో గీయించేవారు పెరిగారు; రోకలి పట్టుకున్న చేతికి ఆరు వేళ్లున్న లేబుల్ ఒకటి నా బల్ల మీదికి కూడా వచ్చింది. పెడన, శ్రీకాళహస్తి కళాకారులకు ప్రతిఫలం చెల్లించి మీకోసమే ఒక అంచు గీయించుకోగలిగితే సంతోషమే. లేకపోతే అంచు జోలికి వెళ్లకపోవడమే మేలు.

నా దృష్టిలో అంతకంటే బలమైనది తెలుగు అక్షరమే. ‘గోంగూర’ అనే మాటను లేబుల్‌లో సగం మేర, ముద్దగా, గుండ్రంగా రాయించి చూడండి; మరే బొమ్మా అక్కర్లేదు. రామభద్ర, బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి, చేతిరాత చేయించుకుంటే ఇంకా మంచిది. అయితే ఇంగ్లీషు లేబుల్ మూసలోనే తెలుగును కూర్చమంటే డిజైనర్లు వరుసల మధ్య ఎడం తగ్గించేస్తారు, దాంతో పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ముదురు రంగు మీద తెల్లగా వదిలిన చిన్న అక్షరాలలోకి అచ్చులో సిరా చొరబడుతుంది. ‘ధ’ కింది గీత పూడిపోయి ‘ద’గా మిగులుతుంది. కాబట్టి కంప్యూటర్ తెరపై చూసి సరేననకండి. అసలు సైజులో అచ్చు తీయించి, కళ్లజోడు పెట్టుకునే పెద్దవారి చేత జోడు లేకుండా చదివించండి.

ముడిసరుకు గురించి కూడా కొంత చెప్పాలి. క్రాఫ్ట్ పౌచ్ పైకి కాగితంలా కనిపించినా లోపల సాధారణంగా ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక, దానిపై పర్యావరణ హితమని రాసుకోవడం నిజాయితీ కాదు. లోపలి సరుకు కనిపించే కిటికీ కొనేవారికి నచ్చుతుంది, కానీ పసుపు, కారం వెలుతురుకు రంగు వెలిసిపోతాయి; కిటికీని చిన్నదిగా, వెనకవైపు పెట్టించండి. పచ్చడి సీసాకు లామినేషన్ లేని కాగితపు లేబుల్ అస్సలు వద్దు, మూత దగ్గర ఊరిన నూనె దానిలోకి ఇంకి మచ్చలు తేలుతుంది. మెరుపు లేని నలుపు (మ్యాట్ ఫినిష్) ఇప్పుడు బాగా నడుస్తోంది గానీ, పార్సిల్ ప్రయాణంలో పడే ప్రతి గీతా దాని మీద కనిపిస్తుంది.

ఆహార లేబుళ్ల నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. తెలుగును వాటికి అదనంగా వాడుకోవచ్చు. శాకాహార గుర్తు, 14 అంకెల ఆహార భద్రతా (FSSAI) లైసెన్సు సంఖ్య, పోషక విలువల పట్టిక, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తేదీలు మొదలైనవాటికి చోటు ముందే కేటాయించి, మిగిలిన దానిలోనే అలంకరణ చేయించండి. ‘స్వచ్ఛమైన’, ‘సహజమైన’, ‘సంప్రదాయ’ వంటి విశేషణాలకు FSSAI వారి 2018 నాటి ప్రకటనల నిబంధనలలో షరతులున్నాయి, చూసుకుని వాడండి.

మొదటి విడతలోనే గ్రావ్యూర్ (చెక్కిన సిలిండర్లతో అచ్చు వేసే) పద్ధతి పౌచ్‌లకు వెళ్లవద్దని నా సలహా. ఆ పద్ధతిలో రంగుకొక సిలిండర్ చెక్కించాలి, ఒక్క అక్షరం మార్చినా ఆ రంగు సిలిండర్‌ను మళ్లీ చేయించాలి. కొంతకాలం సాదా పౌచ్‌కు స్టిక్కర్ అంటించి గానీ, డిజిటల్ అచ్చులో కొద్ది సంఖ్యలో తీయించి గానీ అమ్మండి. బ్యాచ్ నంబరు, తేదీ ముద్రించే చోట మాత్రం వార్నిష్ పైపూత వేయకుండా వదలమని ప్రెస్సువారికి ముందే చెప్పండి, లేకపోతే ఆ సిరా నూనె చేయి తగలగానే చెరిగిపోతుంది.