ఎండోస్కోపీ నార్మల్ వచ్చినా తగ్గని కడుపుబ్బరం

గుంటూరు నుంచి అడిగిన సోదరి గారికి,

హైపర్‌మొబైల్ ఎహ్లర్స్-డాన్లోస్ (కీళ్లు మామూలుకంటే ఎక్కువగా వంగే బంధన కణజాల వ్యాధి) ఉందని తేలిన మీ అమ్మాయికి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందని, వికారం, మలబద్ధకం ఉన్నా ఎండోస్కోపీలో ఏమీ కనబడలేదని రాశారు. అందులో వింతేమీ లేదు. ఎండోస్కోపీ పుండునూ వాపునూ చూపిస్తుందే గానీ, కడుపు ఎంత వేగంగా ఖాళీ అవుతోందో చెప్పదు. అది తెలియాలంటే గ్యాస్ట్రిక్ ఎంప్టీయింగ్ స్కాన్ చేయించాలి. తిన్న 4 గంటల తర్వాత కూడా ఆహారంలో 10 శాతానికి మించి కడుపులోనే మిగిలితే జీర్ణాశయం మందగించినట్టు లెక్క. విజయవాడలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగమున్న ఆసుపత్రుల్లో వాకబు చేయండి.

పడుకున్నప్పుడూ, లేచి నిలబడిన 10 నిమిషాల్లోనూ నాడి కొలిచి రాసుకోండి. బీపీ పడిపోకుండానే పెద్దవారిలో నిమిషానికి 30, 19 ఏళ్లు దాటనివారిలో 40 పెరిగి తగ్గకుండా ఉంటే పాట్స్‌ను (నిలబడితే గుండె వేగం అతిగా పెరిగే సమస్యను) అనుమానించాలి. ఎహ్లర్స్-డాన్లోస్ ఉన్నవారిలో అది తరచుగా తోడుంటుంది, కడుపు బాధనూ పెంచుతుంది.

ప్రస్తుతానికి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు, మెత్తగా పెట్టండి. నూనె తేలే గోంగూర పచ్చడి, వేపుళ్లు తగ్గించండి (మన వైపు ఇది కష్టమే), ఎందుకంటే కొవ్వు కడుపును మరింత ఆలస్యం చేస్తుంది. మలబద్ధకానికని ఇసబ్‌గోల్ మోతాదు పెంచితే ఉబ్బరం ఎక్కువ కావచ్చు.

మీ కుటుంబంలో చిన్న వయసులో పేగు చిల్లుపడినవారు గానీ రక్తనాళం చిట్లినవారు గానీ ఉంటే, కొలనోస్కోపీకి (పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే పరీక్షకు) ఒప్పుకునే ముందే ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి. ఎహ్లర్స్-డాన్లోస్ వ్యాధిలోనే రక్తనాళాలను బలహీనపరిచే వాస్క్యులర్ రకంలో పెద్దపేగు చిల్లుపడే ప్రమాదం ఉంటుంది. ఆ రకాన్ని కాల్3ఏ1 జన్యుపరీక్షతో నిర్ధారిస్తారు. హైపర్‌మొబైల్ రకాన్ని నిర్ధారించే జన్యుపరీక్ష లేదు. సందేహముంటే హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగంలో చూపించండి.