ఆక్రమిత ప్రాంతాల్లో హక్కుల ఉల్లంఘనల నమోదు: ఈ వృత్తిలోకి ఎలా వెళ్లాలి?

ప్రశ్న: న్యాయశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. సైనిక ఆక్రమణలో ఉన్న ప్రాంతాల్లో హక్కుల ఉల్లంఘనలను నమోదు చేసే పనిలోకి వెళ్లాలని ఉంది. ప్రాణాలకు ముప్పని నాన్నగారు వద్దంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ నాన్నగారి భయం అకారణమైనది కాదు. అయితే ఈ పని చేసేవారందరూ సైనికుల ఎదుట కెమెరా పట్టుకుని నిలబడరు. ఎవరో పంపిన వీడియోను ఎక్కడ, ఎప్పుడు తీశారో నీడలనూ కొండల ఆకారాన్నీ ఉపగ్రహ చిత్రాలతో పోల్చి తేల్చడానికి రోజుల తరబడి బల్ల ముందు కూర్చునేవారు చాలామంది ఉన్నారు. మీరు మొదలుపెట్టవలసింది కూడా అక్కడే. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2016 నుంచి కొన్ని విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఇలాంటి ధ్రువీకరణలో శిక్షణ ఇస్తోంది.

ఈ వృత్తిలో మీ న్యాయశాస్త్రమే మీకు పెద్ద బలం. ఉదాహరణకు, ఆక్రమిత ప్రాంతంలో సైన్యం ఒక ఇల్లు కూల్చిందనుకోండి. యుద్ధకాలంలో పౌరుల రక్షణ కోసం చేసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలోని 53వ అధికరణం అలాంటి విధ్వంసాన్ని నిషేధిస్తూనే, సైనిక చర్యలకు అది పూర్తిగా తప్పనిసరైన సందర్భాన్ని మినహాయించింది. కాబట్టి శిథిలాల ఫొటోలు ఎన్ని తీసినా, ఆ సమయంలో చుట్టుపక్కల కాల్పులు జరుగుతున్నాయా, ముందుగా నోటీసు ఇచ్చారా, ఇస్తే అందులో ఏ కారణం రాశారు అనేవి లేని నివేదిక కోర్టులో నిలవడం కష్టం. ఇంట్లో ఒకరిపై ఆరోపణ ఉన్నందుకే కూల్చారని ఆ నోటీసులో తేలితే, సమష్టి శిక్షలను నిషేధించే 33వ అధికరణం కూడా వర్తిస్తుందని వాదించవచ్చు. ఏ వివరం అడగాలో తెలియాలంటే ఏ నిబంధన ఉల్లంఘనకు గురైందో ముందే తెలిసి ఉండాలి.

కొత్తగా వచ్చినవారు ఎక్కువగా చేసే పొరపాటు, బాధితుల దగ్గర కూర్చుని సుదీర్ఘ వాంగ్మూలాలు తీసుకోవడం. అంతర్జాతీయ నేర న్యాయస్థానపు ప్రాసిక్యూటర్ కార్యాలయం, నేర దర్యాప్తుల్లో దేశాల మధ్య సహకారం కోసం యూరోపియన్ యూనియన్ నడిపే యూరోజస్ట్ సంస్థ కలిసి 2022లో పౌర సంఘాలకు ఇచ్చిన మార్గదర్శకాలు, వీలైనంతవరకు ఆ పనిని దర్యాప్తు అధికారులకే వదలాలని సూచించాయి. ఒకే మనిషి నలుగురికి నాలుగుసార్లు చెప్పిన మాటల్లో చిన్న తేడాలు సహజంగానే వస్తాయి. నిందితుల తరఫు న్యాయవాది పట్టుకునేది వాటినే. పైగా ప్రతిసారీ ఆ గాయం మళ్లీ రేగుతుంది. సాక్షి ఎవరో, ఏం చూశారో క్లుప్తంగా రాసుకుని, ఆ సమాచారాన్ని ఎవరికి ఇవ్వవచ్చో వారి సమ్మతి తీసుకుని ఆగడం చాలా సందర్భాల్లో సరైన పని. ఆపడం నేర్చుకోవడానికి, నిజం చెప్పాలంటే, అడగడం నేర్చుకోవడానికి పట్టేదానికంటే ఎక్కువ కాలం పడుతుంది.

కోర్సు కంటే ముందు రెండు పత్రాలు చదవండి: డిజిటల్ ఆధారాల సేకరణపై 2020లో వెలువడిన బర్క్‌లీ ప్రోటోకాల్, చిత్రహింసల దర్యాప్తుపై 1999 నాటి ఇస్తాంబుల్ ప్రోటోకాల్, 2022లో సవరించిన రూపంలో. అసలు ఫైలును ముట్టుకోకుండా దాని నకలు మీద పని చేయడం, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) నమోదు చేయడం, ఆధారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో తేదీలతో రాయడం సాధన చేయండి. ఆ తర్వాత అంతర్జాతీయ మానవతా చట్టంలో, అంటే యుద్ధకాలపు నియమాల చట్టంలో, పీజీ చేయవచ్చు. వెళ్లదలచిన ప్రాంతపు భాషను మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. అనువాదకుడి మీద ఆధారపడితే ఆయన ప్రాణం కూడా మీ బాధ్యతే అవుతుంది.

ఉద్యోగాలు తరచుగా నిధులున్నంత కాలం నడిచే ఒప్పందాలే. హింసాత్మక దృశ్యాలను రోజూ చూసేవారికి నిద్ర, మనశ్శాంతి దెబ్బతింటాయి కాబట్టి, చేరే ముందు ఆ సంస్థ తన సిబ్బందికి మానసిక సహాయం ఏర్పాటు చేసిందా అని అడగండి.

ఇక ప్రమాదం సంగతి. బయటి నుంచి వెళ్లినవారు తిరిగి వచ్చేస్తారు, మాట్లాడిన సాక్షి, ఈ పని చేసే స్థానికులు అక్కడే ఉంటారు. 1979లో వెస్ట్ బ్యాంక్‌లోని రమల్లాలో మొదలైన మానవ హక్కుల సంస్థ అల్-హక్‌ను స్థాపించింది పాలస్తీనా న్యాయవాదులే. 2022 నోబెల్ శాంతి బహుమతిని పంచుకున్న సెంటర్ ఫర్ సివిల్ లిబర్టీస్ అనే హక్కుల సంస్థ కూడా ఉక్రెయిన్ వారిదే. మీరు చేరదలచిన సంస్థ అలాంటి స్థానిక బృందాలతో ఎలా పనిచేస్తోందో, సాక్షుల పేర్లను ఎలా దాచుతోందో కనుక్కుని, ఆ సమాధానాలను నాన్నగారి ముందు కూడా పెట్టండి.