ముందు రికార్డు షీటు, ఆ తర్వాతే పాఠం

బుజ్జీ,

ఊళ్లో చదువు మానేసిన ఆడపిల్లల్నీ కోడళ్లనీ పన్నెండు మందిని పోగేసి, ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టిస్తానంటున్నావట. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చదివిన దగ్గర్నుంచీ ఇదే ధ్యాసని మీ అమ్మ చెప్పింది. మురిసిపోయాను. వెంటనే బెంగా పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన దగ్గర టికెట్టు లేదని దుర్గాబాయి నెహ్రూని ఆపేసిన కథ అందరికీ నోటికొచ్చు. నువ్వు పట్టుకోవాల్సింది అది కాదు. ఎనిమిదో ఏట పెళ్లి చేసేసిన పిల్ల ఆవిడ. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లొచ్చాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా కట్టింది. ఆనక మైలాపూరులో ఆడపిల్లల్ని కూర్చోబెట్టి అదే పరీక్షకి చదివించింది. ఆవిడ పెట్టిన ఆంధ్ర మహిళా సభకి మూలం అక్కడుంది. ఆవిడే తొలి అధ్యక్షురాలైన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో పెద్దవయసు ఆడవాళ్ల కోసం తెచ్చిన సంక్షిప్త కోర్సులదీ అదే దారి: చదువు ఆగినచోట ఎత్తుకుని పరీక్ష గట్టు ఎక్కించడం. స్ఫూర్తి పేరుతో బ్యానరు కట్టి ఫొటోలు దిగేవాళ్లు చాలామంది. గట్టు ఎక్కించేవాళ్లే తక్కువ.

బోర్డు, చాపలు, చాక్‌పీసులు నీకు చెప్పక్కర్లేదు. దరఖాస్తు ఎలా పెట్టాలో దగ్గర్లోని ఓపెన్ స్కూలు స్టడీ సెంటరులో కనుక్కో, పద్నాలుగేళ్లు నిండి ఉండాలి. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్లో ఐదు సబ్జెక్టులు, పాసవడానికి ఒక్కోదాంట్లో 35 మార్కులు. ఒకేసారి గట్టెక్కకపోయినా పర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది సార్లు రాసుకోవచ్చు. లెక్కలంటే భయపడేవాళ్లకి గృహవిజ్ఞానం ఇప్పించు. పాలిటెక్నిక్ ఆశ ఉన్న పిల్ల చేత మాత్రం లెక్కలు వదిలించకు, ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కి అవి కావాలి.

ఇక నా బెంగ సంగతి. ఇలాంటి క్లాసులు పెట్టేవాళ్లు ఎన్నేళ్లుగానో చేస్తున్న తప్పు ఒకటుంది. ఉత్సాహంగా పాఠాలు మొదలెట్టేస్తారు, కాగితాలు దరఖాస్తు రోజున చూద్దాంలే అంటారు. ఆ రోజున చూస్తే బడి రికార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. బడిలో నాగమణి, ఆధార్‌లో నాగమణి కుమారి. తండ్రి పేరుండాల్సిన చోట భర్త పేరు. పుట్టిన తేదీ తెలియక ఎవరో జనవరి ఒకటి వేసేసి ఉంటారు. చివరి తేదీ నెత్తిమీదుంటుంది, నెట్ సెంటరు కుర్రాడు ఆధార్ చూసి టకటకా కొట్టేస్తాడు. రేపు మార్కుల మెమో మీదా అదే అచ్చవుతుంది. అక్కడ పడ్డ తేదీయే ఇంటర్లోనూ ఉద్యోగంలోనూ ఆమె వయసు. అప్పుడు బడి కాగితం ఒకటి చెబుతుంది, మెమో ఇంకోటి చెబుతుంది. ఆ తప్పు దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది నువ్వు కాదమ్మా, చంకలో బిడ్డతో ఆ పిల్ల.

కాబట్టి మొదటి వారం పాఠం చెప్పకు. ఒక్కొక్కళ్లనీ ఆఖరిగా చదివిన బడికి తీసుకెళ్లి రికార్డు షీటో (చదివినట్టు బడి ఇచ్చే కాగితం), టీసీనో తెప్పించు. బడి మొహమే చూడనివాళ్లుంటే జనన ధ్రువపత్రం. దాన్నీ ఆధార్‌నీ పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు, తేదీ అక్షరం అక్షరం చూడు. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. బడి కాగితం చేతికి రాకుండా ఆ ఒక్కసారినీ వాడేశావో, మళ్లీ మార్పించడం చాలా కష్టం. మార్పు ఎప్పుడొస్తుందో చెప్పలేం, రెండు నెలల ముందే మొదలెట్టు. మామూలు బడిలో పది తప్పినవాళ్లుంటే పాత మెమో పారేయొద్దను. పాసైన వాటిలో రెండు సబ్జెక్టుల మార్కులు ఇటు మార్పించుకోవచ్చు.

రాత్రి క్లాసులన్నావట. వద్దు. కూలికెళ్లినవాళ్లు మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరతారు, మూడు నుంచి ఐదు పెట్టు. చీకట్లో ఇంటికి నడిచే ఆడపిల్ల గురించి ఒక్క మాట పుట్టిందంటే, వారం తిరక్కుండా చాపలు ఖాళీ. అత్తగార్లని కూడా పిలిచి కూర్చోబెట్టు. చదవకపోయినా పిల్లల్ని ఆడిస్తారు, లోపల ఏం జరుగుతోందో వాళ్ల కళ్లతో వాళ్లే చూస్తారు.

జవాబులు తెలిసి కూడా తప్పుతారు, ఎందుకో తెలుసా? చెయ్యి లాగేసి. ఏడేళ్లు పెన్ను పట్టనివాళ్లు మూడు గంటలు రాయలేరు. మొదటి నెల రోజుకో పేజీ చూచిరాత, తర్వాత అరగంట, గంట. పరీక్షకి రెండు నెలల ముందు నుంచి ప్రతి ఆదివారం గడియారం పెట్టి పూర్తి పేపరు రాయించు. పాలిచ్చే తల్లుంటే పరీక్ష సెంటరు బయట బిడ్డని ఎత్తుకునే మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

వేళకి తిను. పన్నెండు మందివీ రికార్డు షీట్లూ ఆధార్‌లూ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపు, మసగ్గా తీయకు. నేనూ ఒకసారి సరిచూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ