ఇనుప ఫ్రేములో ఎలక్ట్రిక్ స్ట్రైక్

ప్రశ్న: తిరుపతి బైరాగిపట్టెడలో విద్యార్థినుల వసతిగృహం నడుపుతున్నాను. మీట నొక్కితే వీధి తలుపు తెరుచుకొనేలా ఎలక్ట్రిక్ స్ట్రైక్ పెట్టిద్దామంటే, ఫ్రేము కోస్తే బలహీనపడుతుందని వెల్డరు అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆయన సందేహం సబబే, కాని కోత కొలతకు మించకపోతే భయం లేదు. స్ట్రైక్ అంటే తాళం కాదు. తాళం నాలుక కూర్చొనే గూటి స్థానంలో అమర్చే, కరెంటుతో పట్టు విడిచే పరికరం.

ముందుగా ఫ్రేమును తట్టి చూడండి. గుల్లగా మోగకపోతే లోపల సిమెంటు కూరి ఉన్నట్టే, దానిని ఉలితో మెల్లగా తొలగించాలి. నాలుకకు తడి కుంకుమ రాసి తలుపు మూస్తే అది తగిలే చోటు ఫ్రేముపై అచ్చు పడుతుంది. ఆ గుర్తును బట్టి గీత గీసి, మూలల్లో రంధ్రాలు వేసి, గీతకు కాస్త లోపలే కోసి, మిగిలినది ఆకురాయితో అరగదీయించండి. కోసిన అంచులకు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూయడం, వైరు దూరే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (వైరు ఒరుసుకోకుండా కాపాడే వలయం) తొడగడం మరవకండి.

12 వోల్టుల డీసీ రకమైతే కాయిల్‌కు (స్ట్రైక్ లోపలి తీగచుట్టకు) రెండు కొసలనూ కలుపుతూ, బ్యాండు (చార) ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) వేయించండి; లేకపోతే కరెంటు ఆగినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజి స్విచ్చును పాడుచేస్తుంది. తలుపు బిగుతుగా నాలుకను నెడుతూ ఉంటే చాలా స్ట్రైకులు విడవవు కనుక, ముందు కీళ్లు సరిచేయించండి.

అన్నింటికన్నా ముఖ్యం, కరెంటు పోయినా లోపలి పిల్లలు పిడి తిప్పి బయటికి రాగలగాలి. అలా తెరుచుకోని తాళానికి స్ట్రైక్ పెట్టించవద్దని గట్టిగా చెబుతున్నాను.