ముందుగది ఒకప్పుడు కొట్టేనా?

ప్రశ్న: ఇంగ్లాండులోని లెస్టర్‌లో వరుస ఇళ్లలో ఒకటి కొన్నాం. 1890ల నాటిదట, రెండు పక్కలా గోడలు ఉమ్మడి. ముందుగది కిటికీ కింద ఇటుకల రంగు వేరుగా ఉంది, పక్కనే పూడ్చేసిన తలుపు గుర్తు. పూర్వం ఇది కొట్టా? ఆ గోడ అడుగున చెమ్మ, ఇటుకల పైపొర రాలుతోంది. మేస్త్రి సిమెంటు పూత పూద్దామంటున్నాడు.

జవాబు: కొట్టే అయ్యుంటుంది. దగ్గరికెళ్లి ఇటుకలు చూడండి. ఆ కాలపు గోడ తొమ్మిది అంగుళాల మందం, మధ్యలో ఖాళీ ఉండదు. ఒక ఇటుక నిడుపుగా, పక్కది తల బయటికి వచ్చేలా పేర్చేవారు. వేరే రంగున్న చోట అన్నీ నిడుపు ఇటుకలే ఉండి, అంచున నిట్టనిలువు అతుకుగీత కనిపిస్తే కొట్టు ముఖం తీసి పూడ్చారన్నమాట. టేపు కూడా పెట్టండి. ఎత్తు 65 మిల్లీమీటర్లుంటే అది 1970ల నుంచి వాడుకలోకొచ్చిన మెట్రిక్ ఇటుక కావచ్చు. పాతవి సాధారణంగా ఇంకాస్త ఎత్తు, అందుకే వరుసలు కలవవు. ఇక పూడ్చేసిన తలుపంటారా, అలాంటి కొట్లకి రెండు తలుపులుండేవి, ఒకటి బేరానికొచ్చేవాళ్లకి, ఒకటి ఇంటివాళ్లకి.

అసలు జాగ్రత్త పడాల్సింది కంటికి కనబడని దూలం గురించి. కొట్టు ముందుండే పెద్ద అద్దాల కిటికీ పైనున్న గోడంతటినీ మోసేది ఆ పెద్ద చెక్క దూలమే, ఇంగ్లీషువాళ్లు బ్రెసమర్ అంటారు. అద్దం తీసి ఇటుకలు పేర్చినా అది లోపలే ఉండిపోతుంది. కొట్టు పేరు బోర్డుకి పైన కప్పిన సీసపు రేకు చిరిగి నీళ్లు దిగితే కొసలు పుచ్చిపోతాయి. పడగ్గది కిటికీ కింద మెట్లుమెట్లుగా పగులు కనిపిస్తే రంగులు వేయించకముందే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. కొత్త దూలం కొసను ఉమ్మడి గోడలో దోపాలంటే, 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం పొరుగువాళ్లకు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి.

చెమ్మ సంగతి. చెక్క నేల కింద గాలి ఆడటానికి గోడ అడుగున చిల్లుల ఇటుకలు ఉంటాయి. కొట్టు పూడ్చేటప్పుడు వాటిని కూడా కలిపి మూసేయడం మామూలే. ఒక పలక లేపి, కింది అడ్డకర్రల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే పుచ్చినట్టే. చిల్లుల ఇటుకలు సుమారు రెండు మీటర్లకొకటి ఉండాలి. బయట కాలిబాట ఎత్తు పెరిగి వాటి మీదికి వచ్చిందేమో కూడా చూడండి.

సిమెంటు మాత్రం వద్దు. అది చెమ్మను బయటికి పోనివ్వదు. నీరు మెత్తటి ఇటుకలోంచే దారి చూసుకుంటుంది, చలికాలంలో అక్కడే గడ్డకట్టి పైపొరను ఊడగొడుతుంది. ఇప్పుడు రాలడానికీ ఇదివరకెవరో సందుల్లో కూరిన సిమెంటే కారణం కావచ్చు. దాన్ని 20–25 మిల్లీమీటర్ల లోతున ఉలితో తీయించండి. గ్రైండర్ పెడితే ఇటుక అంచులు పోతాయి. సందులు తడిపి, ఎన్‌హెచ్‌ఎల్ 3.5 సున్నం (నీటితో గట్టిపడే సహజ సున్నం, అంకె తగ్గేకొద్దీ మెత్తన) ఒక పాలు, గరుకు ఇసుక మూడు పాళ్లు కలిపి నింపాలి. ఇటుక మరీ మెత్తనైతే ఎన్‌హెచ్‌ఎల్ 2 మేలు. వారం పాటు తడిగోనె కప్పి ఉంచాలి. 5 డిగ్రీల కన్నా చలి ఉంటే పని మొదలుపెట్టొద్దు. గానుగ సున్నం ఎరిగిన మనవాళ్లకి ఇదేమంత కొత్త కాదు, ఒప్పించాల్సింది ఆ మేస్త్రినే.

ప్రశ్న: అందులో ఏం అమ్మేవారో తెలుసుకోవచ్చా?

జవాబు: చాలావరకు తెలుస్తుంది. లెస్టర్ విశ్వవిద్యాలయం పాత వ్యాపార డైరెక్టరీలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. వీధి పేరు కింద నంబరు, మనిషి పేరు, వృత్తి ఉంటాయి. కొన్ని వీధుల్లో ఇళ్ల నంబర్లు మార్చేశారు కాబట్టి నంబరు ఒక్కదాన్నే నమ్మొద్దు. ఆ జాబితాలో మీ ఇంటికి అటూ ఇటూ ఏ అడ్డవీధులు వస్తున్నాయో సరిచూసుకోండి. తర్వాత 1911 జనగణన ఫారం తీయించండి. ఇంటివద్దే పనిచేస్తున్నారా అని అడిగే గడి ఒకటుంది, జవాబు చాలావరకు ఇంటిపెద్ద చేతిరాతలోనే దొరుకుతుంది.